ఊడిన పెచ్చు, నసీబ్ అనే మాట

మొన్న జుమా నమాజ్ అయ్యాక బందర్లో మా ఖాలా ఇంట్లో ఖానాకు కూర్చున్నాం. పైనుంచి స్లాబ్ పెచ్చు ఒకటి ఊడి దస్తర్‌ఖాన్ అంచున పడింది. ఎవరికీ తగల్లేదు, అల్‌హందులిల్లాహ్. తలెత్తి చూస్తే తుప్పు పట్టిన చువ్వలు. "పైపైన ప్లాస్టరింగ్ చేయిస్తే సరి" అన్నారు ఖాలూ. కూతురి షాదీ లోపు ఆ స్లాబ్ మీదే ఇంకో గది వేయాలని ఆయన ఇరాదా. నేను వద్దంటే ఖాలా, "ఏదైతే అది, మన నసీబ్ బేటా" అంది.

గుడివాడకు తిరిగొచ్చే బస్సులో ఆ మాటే బుర్రలో తిరిగింది. మన ఇలాకా తారీఖ్ చూస్తే, నసీబ్ ఎంత, మన గఫ్లత్ ఎంత అన్న హిసాబ్ అందులోనే ఉంది.

బందర్ అంటే ఫార్సీలో రేవు. ఆ రేవు మీదికి 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన వచ్చింది. దాదాపు 30 వేల మంది పోయారు. అప్పటికి మన దేశంలో వాతావరణ శాఖే లేదు, అది పుట్టింది 1875లో. ముందుగా ఖబర్ ఇవ్వలేదని ఆ రోజు ఎవరినీ నిలదీయలేం.

1977 నవంబర్ 19 సంగతి వేరు. అప్పటికి వాతావరణ శాఖ ఉంది, రేడియో ఉంది, తుఫాన్ వస్తోందనీ తెలుసు. కానీ ఇల్లు వదిలి పొమ్మనే కబురు దివిసీమలో చాలా ఊళ్ళకు చేరలేదు. చేరినా తలదాచుకోవడానికి దగ్గర్లో పక్కా కట్టడం లేదు. ఘనమీటరు నీళ్ళు టన్ను బరువు. అలాంటి నీళ్ళు ఐదు మీటర్ల ఎత్తున పరుగెత్తి వస్తే మట్టిగోడ, తాటాకు కప్పు ఏం నిలుస్తాయి? సర్కారీ లెక్కలోనే సుమారు పదివేల మంది చనిపోయారు.

పదమూడేళ్ళకు, 1990 మే 9న, ఇంచుమించు అంతే జోరున్న తుఫాన్ మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు. 77 తర్వాత కట్టిన తుఫాన్ షెల్టర్లు ఉన్నాయి. మృతులు వెయ్యికి లోపే. ఆ వెయ్యి జానులూ చిన్నవి కావు. కానీ దర్యా అదే, గాలి అదే. మారింది మనుషుల ఇంతెజామ్ ఒక్కటే.

కబురు చేరకపోతే పక్కా కట్టడమూ కాపాడదు. కెనడాలో క్వెబెక్ వంతెన కడుతుండగా కింది దూలాలు వంగుతున్నాయని ఇంజనీర్లు ముందే చూశారు. ఇక బరువు ఎక్కించొద్దని న్యూయార్క్ నుంచి పెద్ద ఇంజనీరు టెలిగ్రామ్ కూడా ఇచ్చాడు. అది పని జరిగే చోటికి చేరలేదు. 1907 ఆగస్టు 29న వంతెన కూలి 75 మంది మజ్దూర్లు చనిపోయారు. ప్రమాదం కనిపెట్టడంతో ఇంజనీరు జిమ్మేదారీ తీరిపోదు. చెప్పాల్సిన వాళ్ళ చెవిన పడి, పని ఆగేదాకా అది ఉంటుంది.

ఇప్పుడు మళ్ళీ ఖాలా ఇంటి పెచ్చు దగ్గరికి వస్తాను. కాంక్రీట్‌లోని క్షారగుణం లోపలి ఇనుమును తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పుగాలి, ఉప్పునీళ్ళు, కడగని ఉప్పు ఇసుక ఆ రక్షణను తినేస్తాయి. తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. లోపలినుంచి నెట్టి నెట్టి చివరికి పెచ్చు ఊడదీస్తుంది. అందుకే చువ్వకూ బయటి గాలికీ మధ్య కాంక్రీట్ మందం, మేస్త్రీలు 'కవర్' అనేది, మామూలు చోట 20 మిల్లీమీటర్లు చాలన్న మన ఐఎస్ 456 ప్రమాణం సముద్రపు గాలి తగిలే చోట 45 ఉండాలంటుంది. పూత పూశాక అది ఎవరికీ కనబడదు. కనబడదు కాబట్టే అది అమానత్. అందులో తగ్గించడం ఖియానత్.

దివిసీమ జానులు కాపాడడానికి కట్టిన షెల్టర్లలోనూ చాలావాటికి పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. కట్టిన రోజు రిబ్బన్ కత్తిరించడానికి అందరూ వస్తారు. ఏడాదికోసారి వచ్చి సుత్తితో తట్టి చూసేవాడే కరువు. వచ్చే తుఫాన్‌కు మనవాళ్ళు పరుగెత్తేది ఆ కప్పుల కిందికే. గ్రామసభలో ఈ సవాల్ అడగడం మన హక్ కూడా, మన ఫర్జ్ కూడా.

ఖాలూ చివరికి ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన సుత్తితో స్లాబంతా తట్టి చూసి, పైన గది మాటే ఎత్తొద్దన్నారు. వదులైన కాంక్రీట్ తీసి, చువ్వలు శుభ్రం చేసి, పాడైన చోట కొత్త చువ్వలు కలపాలన్నారు. ఖర్చు విని ఖాలూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "షాదీకి షామియానా వేద్దాం, గది తర్వాత చూద్దాం" అన్నారు. ఖాలా ఈసారి నసీబ్ అనలేదు. ఆ స్లాబ్ కింద పడుకునే పిల్లల పరుపులు పక్క గదిలోకి మార్చింది.