పన్ను, ప్రేమ, గిఫ్టు డీడు: ఒక సింహావలోకనం

పద్మారావు నగర్‌లో స్కందగిరి గుడి చుట్టుపక్కల పాత ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతున్నాయి. బిల్డర్ వాటా పోగా మిగిలిన ఫ్లాట్లలో ఒకటి కూతురికి, ఒకటి కొడుక్కి గిఫ్టు డీడు రాసేస్తున్నారు ఇంటి పెద్దలు. "స్టాంపు డ్యూటీ తప్పదు గానీ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదండీ, పిల్లలకే కదా" అంటారు ఆడిటర్లు. నిజమే. ఆ మాట ఇంత తేలిగ్గా అనగలగడం వెనక చాలా కథ నడిచింది.

భార్య పేర, మైనరు పిల్లల పేర ఆస్తి పెట్టి ఆదాయాన్ని విడదీసుకోవడం ఆంగ్లేయుల నాటి అలవాటే. 1937లో ప్రభుత్వం చట్టం సవరించి ఆ ఆదాయాన్ని మళ్లీ ఇచ్చినవాళ్ల లెక్కలో కలిపింది. ఆడిటర్లు ఇప్పటికీ క్లబ్బింగ్ అనేది దాన్నే. 1953లో, పోయినవారి ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. అయితే బతికుండగానే పంచేస్తే సరి! ఆ దారి మూయమని ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ 1956లో సలహా ఇచ్చాడు. ఆర్థికశాఖను తానే చూస్తున్న నెహ్రూ 1958 బడ్జెట్‌లో గిఫ్ట్ ట్యాక్స్ తెచ్చారు. కట్టాల్సింది ఇచ్చినవాళ్లే.

ఇక్కడ మన రాష్ట్రం కేసు ఒకటి చెప్పుకోవాలి. స్వార్జితాన్ని ఉమ్మడి ఆస్తిలో కలిపేస్తే అది గిఫ్టవుతుందా? అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గోలి ఈశ్వరయ్య కేసులో, అవదని సుప్రీంకోర్టు 1970లో తేల్చింది. కలపడం ఒక్కరి నిర్ణయంతో అయిపోతుంది; గిఫ్టుకు పుచ్చుకునేవాళ్లూ ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఊరుకోలేదు. 1969 డిసెంబర్ 31 తర్వాత అలా కలిపిన ఆస్తి మీద ఆదాయాన్ని కలిపినవారి ఖాతాలోనే వేసింది. 1973 జూన్ 1 నుంచి కోడలి పేర రాసినా అంతే.

ఎస్టేట్ డ్యూటీ 1985లో, గిఫ్ట్ ట్యాక్స్ 1998 అక్టోబర్ 1న పోయాయి. 2004 సెప్టెంబర్ నుంచి పన్ను పుచ్చుకునేవాళ్ల మీదికి మళ్లింది. ఇప్పుడు ఏడాదిలో 50,000 రూపాయలు దాటితే మొత్తం మీదా పన్నే. దగ్గరి బంధువులిస్తే ఎంతైనా ఫరవాలేదు. ఆ బంధువుల జాబితా మాత్రం ఒకవైపే చూస్తుంది. మేనమామ మేనకోడలికిస్తే పన్ను లేదు. చదివించి పెద్దచేసిన మేనమామకు అదే మేనకోడలు అమెరికా నుంచి లక్ష పంపితే ఆయన పన్ను కట్టాలి. ఇది అన్యాయం, దిద్దాలి.

భార్యకో కోడలికో ఇచ్చినట్టు కాదు, అమ్మానాన్నలకిచ్చిన డబ్బుపై వడ్డీ మాత్రం వాళ్ల లెక్కలోకే పోతుంది. ఆదాయం లేని తల్లిదండ్రుల పేర డిపాజిట్ వేస్తే పన్నూ తగ్గుతుంది, వాళ్ల చేతిలో నాలుగు డబ్బులూ ఆడతాయి.

నా దిగులంతా ఎదురు దిశలో సాగే దానం గురించి. ఉన్నదంతా రాసిచ్చి ఆదరణ కరువైన పెద్దలకు 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం సెక్షన్ 23 అండగా ఉంది. ఆ దానాన్ని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. కానీ పోషణ షరతు మీదే ఇచ్చినట్టు తేలాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఉండే హక్కు, పోషించే బాధ్యత డీడులోనే రాయించుకోవాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కొడుకు పక్కన నిలబడి ఉండగా ఆ మాట అడగడానికి ఏ తల్లికైనా మొహమాటమే. ముసాయిదా రాసేనాడే లాయరో ఆడిటరో తమంతట తామే ఎత్తాలి.