నిరుద్యోగ శాతంలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఎక్కడ? ఆ అంకెను ఇలా చదవండి

నిరుద్యోగం తగ్గిందనో పెరిగిందనో నెలనెలా మీ ఫోన్‌లో వార్త కనిపిస్తుంది. ఇంట్లో డిగ్రీ చదివిన పిల్లలు ఖాళీగా ఉంటే ఆ అంకె నమ్మబుద్ధి కాదు. చాలాసార్లు అంకె తప్పు కాదు. మనం అనుకునేది ఒకటి, అది కొలిచేది ఇంకొకటి.

ఎవరిని 'ఉద్యోగి' అంటారు?

కృష్ణా జిల్లా తోట్లవల్లూరులో నలుగురున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి లంక పొలం కౌలుకు తీసుకుని అరటి వేశారు. తల్లి అదే తోటలో కూలి లేకుండా పనిచేస్తారు. కొడుకు రోజూ విజయవాడ వెళ్లి ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేస్తున్నాడు. కూతురు డిగ్రీ పూర్తిచేసి గ్రూప్స్‌కు చదువుతోంది.

కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి చేస్తున్న పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (పీఎల్ఎఫ్ఎస్) లెక్కలో మొదటి ముగ్గురికీ పని ఉన్నట్టే. డబ్బు రాకపోయినా తల్లి 'సొంత వ్యవసాయంలో సహాయకురాలు'. గత ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా వారపు పద్ధతిలో పని ఉన్నట్టే లెక్క.

కూతురు "ఉద్యోగం వస్తే చేస్తాను" అంటే నిరుద్యోగి. అప్పుడు ఆ ఇంటి నిరుద్యోగం 25 శాతం. "ఇప్పుడు చదువు మాత్రమే" అంటే ఆమె లెక్కలోనే ఉండదు. ఇంటి నిరుద్యోగం సున్నా!

రెండు అంకెలు ఎందుకు?

2023-24 వార్షిక నివేదిక ప్రకారం దేశంలో నిరుద్యోగం 3.2 శాతం. 2025 ఏప్రిల్ నెలవారీ బులెటిన్‌లో 5.1 శాతం. మొదటిది ఏడాది మొత్తాన్ని చూస్తుంది, రెండోది వారాన్ని. రెండూ పక్కపక్కన పెట్టి నిరుద్యోగం ఒక్కసారిగా పెరిగిందనడం పొరపాటు.

2025 జనవరి నుంచి సర్వేను సుమారు 2.72 లక్షల ఇళ్లకు పెంచారు. అయినా ఒక మండలంలో ఎంతమందికి పని ఉందో ఇది చెప్పలేదు.

మరి ఔట్‌సోర్సింగ్?

ఆ ఇంటి కొడుకు సర్వేలో 'రెగ్యులర్ జీతం' వర్గంలోకి వస్తాడు. పర్మినెంట్ ఉద్యోగి కూడా అదే వర్గం. తేడా తెలియాలంటే నివేదికలో ఇంకో పట్టిక చూడాలి: రాతపూర్వక ఒప్పందం, జీతంతో సెలవు, సామాజిక భద్రత. వ్యవసాయేతర రంగంలో ఈ వర్గంలో సగానికి పైగా మందికి రాతపూర్వక ఒప్పందం లేదు. శీర్షికల్లోకి వచ్చేది మాత్రం మొదటి అంకే.

ఫ్యాక్టరీల విషయంలో వార్షిక పరిశ్రమల సర్వే కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారిని వేరుగా లెక్కిస్తుంది. 2022-23లో కార్మికుల్లో వీరు సుమారు 40 శాతం.

పీఎఫ్ లెక్కలు కొత్త ఉద్యోగాలేనా?

2018 నుంచి ఈపీఎఫ్ఓ ప్రతి నెలా చందాదారుల లెక్క ఇస్తోంది. కొత్తగా చేరినవారు, తిరిగి చేరినవారి నుంచి మానేసినవారిని తీసేస్తే నికర చేరిక. పదేళ్లుగా పనిచేస్తున్న వ్యక్తికి ఏజెన్సీ ఈ నెలే తొలిసారి పీఎఫ్ కడితే, అతను 'కొత్త చందాదారు'. ఉద్యోగం మాత్రం పాతదే.

మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. 2020 జులైలో ప్రారంభమైన ఆప్కోస్‌లోకి అప్పటికే ప్రైవేటు ఏజెన్సీల ద్వారా పనిచేస్తున్నవారిని మార్చి నియామక పత్రాలు ఇచ్చారు. వారికి అది మేలే. కానీ ఆ పత్రాలన్నిటినీ కొత్త ఉద్యోగాలుగా లెక్కేస్తే తప్పు.

ఆలస్యమూ సమస్యే

2017-18 తొలి పీఎల్ఎఫ్ఎస్ నివేదిక విడుదల కావడం లేదంటూ 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ సభ్యులు పి.సి.మోహనన్, జె.వి.మీనాక్షి రాజీనామా చేశారు. ఎన్నికలయ్యాక, మే 31న అది బయటికొచ్చింది.

మీరేం చేయాలి?

- వార్త చదివేటప్పుడు మూడు చూడండి: వారమా, ఏడాదా? నికరమా, మొత్తమా? ఒప్పందం, పీఎఫ్ ఉన్న ఉద్యోగాలెన్ని?
- సర్వే సిబ్బంది వస్తే గుర్తింపు కార్డు అడిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2008 గణాంకాల సేకరణ చట్టం ప్రకారం మీ వివరాలను గణాంకాలకే వాడాలి. రేషన్ కార్డు పోతుందని పని దాచక్కర్లేదు.
- ఔట్‌సోర్సింగ్‌లో ఉంటే ఒప్పందం, సెలవులు, పీఎఫ్ ఉన్నాయో లేదో స్పష్టంగా చెప్పండి. ఏజెన్సీ మారినప్పుడల్లా పాత యూఏఎన్ నంబరే ఇచ్చి, పాస్‌బుక్‌లో జమ చూసుకోండి.

మీరు చెప్పని లోటు ఏ పట్టికలోనూ కనిపించదు.