కువైట్‌కు కాపలా

నెల్లూరు జిల్లాలో కువైట్‌ను దూరదేశంగా ఎవరూ చూడరు. మిద్దె లేవాలన్నా, బిడ్డ పెళ్ళి జరగాలన్నా అక్కడి డబ్బే రావాలనుకునే ఇళ్ళు తీరం వెంట చాలా ఉన్నాయి. ఆ దేశాన్ని ఎప్పుడూ బయటి సైన్యమే కాపాడింది. ఆ కాపలా లెక్కలో మన కూలీకి మాత్రం చోటు లేదు.

1899లో షేక్ ముబారక్ బ్రిటిషువాళ్ళతో ఒప్పందం రాసుకున్నాడు. వాళ్ళను అడగనిదే సెంటు భూమి కూడా ఇంకొకరికి ఇవ్వకూడదు; బదులుగా రక్షణ. గల్ఫ్ వ్యవహారాలు అప్పట్లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే నడిపేది కాబట్టి అక్కడ మన రూపాయే చెల్లేది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రంగు నోట్లు అచ్చు వేసింది. దినార్ వచ్చింది 1961లోనే.

ఆ ఏడు జూన్ 19న పాత ఒప్పందం రద్దయి కువైట్ స్వతంత్రమైంది. వారం తిరక్కుండానే ఇరాక్ ప్రధాని ఖాసిం అది తమదేనన్నాడు. జులై 1న బ్రిటిష్ సైనికులు దిగారు, ఇరాక్ కదల్లేదు.

1990 ఆగస్టు 2న అలా ముందుగా వచ్చినవాళ్ళు లేరు. ఇరాన్‌తో ఎనిమిదేళ్ళ యుద్ధంలో అప్పులపాలైన ఇరాక్ అధ్యక్షుడు సద్దాం, కువైట్ ఎక్కువ నూనె తోడి ధర పడగొడుతోందని సైన్యాన్ని నడిపించాడు. ఎమీర్ సౌదీకి పారిపోయాడు. లక్షా డెబ్బైవేల మంది భారతీయులు చిక్కుకున్నారు. వీసా ఇప్పించిన సేటు (కఫీల్) దగ్గరే పాస్‌పోర్టు ఉండిపోయినవాడి అవస్థ మరీ ఘోరం: కాగితం లేదు, కాగితం ఇవ్వాల్సినవాడు ఊళ్ళో లేడు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ ఎడారి శిబిరాలకు చేరి, అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కాలి. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా సుమారు 488 విమానాలు లక్షా పదివేల పైచిలుకు మందిని తెచ్చాయి. విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంను కౌగిలించుకున్నాడని తిట్టారు. దారి తెరవడానికి ఆ కౌగిలి పనికొచ్చిందంటే నాకు అభ్యంతరం లేదు.

1991 జనవరి 17న అమెరికా కూటమి బాంబులు మొదలయ్యాయి. ఫిబ్రవరి 24న మొదలైన భూయుద్ధం వంద గంటల్లో ముగిసింది. ఇరాకీలు నిప్పంటించిన ఆరువందలకు పైగా బావుల్లో ఆఖరిది ఆరింది నవంబరులో. అమెరికా సైన్యం అక్కడే ఉండిపోయింది. 2003లో ఇరాక్ మీదికి వెళ్ళింది కూడా కువైట్ నేల నుంచే.

పారిపోయి వచ్చిన కూలీకి ఇరాక్ నూనె సొమ్ములోంచి ఐక్యరాజ్యసమితి పరిహారం ఇచ్చింది: ఒంటరికి 2,500 డాలర్లు, ఇంకే దావా వేయనంటే 4,000. అది చేతికందేసరికి ఏళ్ళు గడిచాయి. ఈలోగా అదే కఫీల్ పద్ధతి కింద, అవే ఊళ్ళ నుంచి మళ్ళీ వీసాలు కొట్టించుకున్నారు.