రెండు గిటార్లు, ఒక వలీమా

మొన్న నా భతీజా ఫోన్ చేశాడు. "చాచా, వలీమాకి గిటార్ వాయించే కుర్రాణ్ణి మాట్లాడాం. క్లాసికలా, అకూస్టికా అని అడుగుతున్నాడు. రెంటికీ ఫరక్ ఏంటి?" పక్కనుంచి భాయ్‌జాన్ గొంతు: "రెండూ వద్దు. డఫ్ చాలు. ఆ ఫిరంగీ బాజా మనకెందుకు?"

ఫిరంగీ అన్న లఫ్జ్ దగ్గర ఆగిపోయాను.

గ్రీకు 'కితారా' అరబీలో 'ఖీతారా' అయి, అందలూస్ మీదుగా స్పానిష్ 'గితార్రా' అయిందంటారు. 822లో బాగ్దాద్ నుంచి కుర్తుబా దర్బారుకు చేరిన జిర్యాబ్ ఊద్ వాయిద్యానికి ఐదో తీగ కలిపాడని పాత రాతలు చెబుతాయి. ఒక మహెఫిల్‌లో నేనే ఫక్ర్‌గా "గిటార్ మనదే" అనేశాను. తర్వాత చదివితే సిగ్గేసింది. 14వ శతాబ్దపు స్పెయిన్‌లో రెండు గిటార్లుండేవి, ఒకటి మూరిష్, ఒకటి లాటిన్. ఇప్పటి గిటార్ ఆ రెండో దాని ఔలాద్ అన్నదే ఎక్కువమంది పండితుల మాట. ఊద్‌కి అసలు వారసుడు యూరప్ 'ల్యూట్'. దాని పేరు కూడా 'అల్-ఊద్' నుంచే వచ్చింది. మనది కాని దాన్ని మనదనడం ఇన్‌సాఫ్ కాదు. అలాగని అందలూస్ గాలి సోకని వాయిద్యమూ కాదది.

ఇక కుర్రాడి సవాల్. అకూస్టిక్ అంటే కరెంటు లేకుండా మోగేదని. ఆ లెక్కన క్లాసికల్ కూడా అకూస్టిక్కే! బజారు భాషలో మాత్రం ఉక్కు తీగలదే అకూస్టిక్. క్లాసికల్‌కి రూపం దిద్దినవాడు స్పెయిన్ ఉస్తాద్ అంటోనియో దె తోర్రెస్ (1817-1892). అప్పట్లో దాని తీగలు జంతువుల పేగులతో చేసేవారు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ వచ్చింది. ఉక్కు తీగలది అమెరికా కథ. 1833లో జర్మనీ నుంచి న్యూయార్క్ వలస వెళ్లిన మార్టిన్, పెట్టె లోపల చెక్క పట్టీలను ఎక్స్ ఆకారంలో బిగించాడు. అతనూ పేగు తీగలే కట్టాడు గానీ, 1920లలో ఉక్కు తీగలు మామూలైనప్పుడు వాటి లాగుడుకి తట్టుకున్నది ఆ పట్టీలే.

అందుకే భతీజాకి చెప్పాను: నాలుగు వందల మంది కూర్చునే ఫంక్షన్ హాల్లో నైలాన్ ఆవాజ్ పళ్లేల చప్పుడులో మునిగిపోతుంది. అక్కడికి ఉక్కు తీగలదే పెట్టు. ముందురోజు రాత్రి ఇంట్లో, అమ్మీ, ఖాలాలు కూర్చునే మహెఫిల్‌కి మాత్రం క్లాసికల్. కుర్రాడికి వస్తే ఫ్రాన్సిస్కో తారెగా రాసిన 'అల్‌హమ్రా జ్ఞాపకాలు' వాయించమను. తారెగా వాయించింది తోర్రెస్ చేసిన గిటారే. ఆ బాణీలో ఒకే స్వరం జల్లులా వణుకుతూ పోతుంటే, 1492లో మనవాళ్లు పోగొట్టుకున్న గర్నాతా కోట ఫౌంటెన్ల పక్కన నిలబడ్డట్టుంటుంది. రాసినవాడు ముసల్మాన్ కాదు, పాట మాత్రం మన ఇంటి గురించే.

ఫోన్‌లో కాసేపు ఖామోషీ. తర్వాత భాయ్‌జాన్ లైన్లోకి వచ్చాడు.

"ఆ అల్‌హమ్రాది ఎంతసేపుంటుంది?"

"ఐదు నిమిషాలు, భాయ్‌జాన్."

"సరే. ఇషా నమాజ్ అయ్యాక పెట్టించు. నేనూ వస్తాను."