మూడు చుక్కలు, ముప్పై నిమిషాలు

డామినోస్ పెట్టె మీద ఉన్న చుక్కల్ని ఎప్పుడైనా లెక్కపెట్టారా? మూడే. 1965లో ఆ పేరు పెట్టేనాటికి టామ్ మోనహాన్ చేతిలో ఉన్నవి మూడు కొట్లు. కొత్తది తెరిచినప్పుడల్లా ఒక చుక్క చేర్చుకుంటూ పోదామనుకున్నాడట. అదే చేసుంటే ఈపాటికి పెట్టె నిండా చుక్కలే ఉండేవి.

అసలు కథ 1960లో, మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి అనే కాలేజీ ఊళ్లో మొదలైంది. చిన్నప్పుడు కొంతకాలం అనాథాశ్రమంలో పెరిగిన టామ్, తమ్ముడు జిమ్‌తో కలిసి అప్పు చేసి డామినిక్స్ అనే చిన్న పిజ్జా కొట్టు కొన్నాడు. ఏడాది తిరక్కుండానే జిమ్ తప్పుకున్నాడు. పోస్టాఫీసు ఉద్యోగం వదులుకోలేక, తన సగం వాటా అన్నకిచ్చేసి బదులుగా డెలివరీకి వాడే పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ తీసుకున్నాడు. ఇది విన్నవాళ్లంతా "అయ్యో, పిచ్చోడు!" అంటారు. నాకలా అనిపించదు. నెల జీతం ఉన్నవాడు అప్పుల కొట్టు నుంచి కారుతో బయటపడ్డాడంటే, ఆ రోజుకి అది తెలివైన పనే.

టామ్ పట్టుకున్న కిటుకు ఒక్కటే. హాస్టల్ పిల్లలు గది కదలరు, కాబట్టి పిజ్జాయే వాళ్ల గుమ్మంలోకి వెళ్లాలి. కూర్చుని తినే బల్లల మీద ఆశ పెట్టుకోలేదు, మెనూ పెంచలేదు. నిజానికి అతనమ్మింది రుచి కాదు, టైము. ముప్పై నిమిషాల్లో రాకపోతే పిజ్జా ఉచితమన్నారు, తర్వాత దాన్ని మూడు డాలర్ల తగ్గింపుగా మార్చారు. వ్యాపారం ఎంత పెరిగిందంటే, 1983లో డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టునే కొనేశాడు. (1992లో దాన్ని అమ్మింది ఎవరికో తెలుసా? పోటీ పిజ్జా కంపెనీ లిటిల్ సీజర్స్ యజమానికి!)

ఆ ముప్పై నిమిషాల బరువు మాత్రం కారు నడిపే కుర్రాళ్ల మీద పడింది. 1989లో సెయింట్ లూయిస్‌లో ఒక డెలివరీ డ్రైవర్ ఎర్ర లైటు దాటి ఒకావిడ కారుని గుద్దాడు. 1993 డిసెంబరులో జ్యూరీ ఆమెకు 7.8 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంది. కొద్ది రోజుల్లోనే కంపెనీ అమెరికాలో ఆ హామీని ఎత్తేసింది.

1996లో డామినోస్ ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచింది. అమెరికా బయట దానికి ఇప్పుడు అతి పెద్ద మార్కెట్ మనదే. అక్కడ కోర్టు దెబ్బకి ఆగిపోయిన 'అరగంట దాటితే ఫ్రీ' మాటే ఇక్కడ దాని ఇంటిపేరైంది.

హాస్టల్ రోజుల్లో మేమూ ఎక్కడో అక్కడ పిజ్జా చెప్పి, ఫోన్లో టైము చూసుకుంటూ, వాన పడాలని, సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోవాలని కోరుకున్నవాళ్లమే. బండి మీద వచ్చేవాడి గురించి మా గదిలో ఎవరూ మాట్లాడుకున్నట్టు గుర్తులేదు.