రేలంగి వెంకట్రామయ్య

రేలంగి వెంకట్రామయ్య (1910–1975) తెలుగు సినిమా హాస్యనటుడు, గాయకుడు, రంగస్థల కళాకారుడు. గోదావరి సీమలో పుట్టి కాకినాడలో పెరిగారు. సినిమాల్లో పేరొచ్చాక తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డారు. మూడు వందలకు పైగా చిత్రాల్లో నటించారు.

తండ్రి హరికథలు, సంగీతం నేర్పేవారు. రేలంగి నటనకు పునాది అక్కడే పడింది. హరిదాసు ఒంటరిగా సభను నిలబెట్టుకోవాలి: పాట పాడాలి, పద్యం ఎత్తుకోవాలి, వచనంతో కథ నడపాలి, జనం ఆవులించే వేళకు పిట్టకథతో నవ్వించాలి, చిడతల తాళం తప్పకుండా చిందెయ్యాలి.   కాకినాడ నాటక రంగంలో రేలంగి ఆడవేషాలూ కట్టారు.

సి.పుల్లయ్య 1935లో కలకత్తాలో తీసిన 'శ్రీకృష్ణ తులాభారం' ఆయన తొలి చిత్రం. అది ఆయనకు కలిసిరాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు పుల్లయ్య దగ్గరే నిర్మాణ పనులు చూస్తూ, దొరికిన చిన్న వేషాలు వేశారు. 1949లో కె.వి.రెడ్డి 'గుణసుందరి కథ'లో కాలమతి పాత్ర దశ తిప్పింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కావస్తున్నాయి.

నేపథ్యగానం స్థిరపడిపోయిన కాలంలోనూ రేలంగి తన పాటలు కొన్ని తానే పాడుకున్నారు. 'పాతాళ భైరవి' (1951)లో రాజుగారి బావమరిది రాకుమారి కోసం పాడే ప్రేమగీతం, 'మిస్సమ్మ' (1955)లో దేవయ్య పాడే బిచ్చగాడి పాట ఆయన సొంత గొంతులోనివే. మొదటి పాటలో నవ్వు మాటల్లో కన్నా ఆయన స్వరం సాగదీసే తీరులో ఉంది. శ్రుతి తెలిసినవాడు కావాలని వేసే వెర్రివేషం అది.

ఇంత పాటగాడికి 'పక్కింటి అమ్మాయి' (1953)లో దక్కింది పాట రాని ప్రేమికుడి పాత్ర! పొరుగింటి పిల్ల అంజలీదేవిని మెప్పించడానికి ఆయన పెదవులు కదుపుతుంటే, చాటునుంచి మిత్రుడు ఎ.ఎం.రాజా పాడతాడు. పుల్లయ్యే దర్శకుడు. బెంగాలీ 'పాషేర్ బారీ' దీనికి మూలం. అదే కథ 1968లో హిందీలో 'పడోసన్'గా వచ్చింది, 1981లో మళ్లీ తెలుగులోకి తిరిగొచ్చింది.

'గుణసుందరి కథ' తర్వాత ఆయనకు పాత్రలకు కొదవలేదు. 'మాయాబజార్' (1957)లో లక్ష్మణకుమారుడు, 'నర్తనశాల' (1963)లో ఉత్తరకుమారుడు పిరికి గొప్పలవాళ్లే. అయినా ఒకరిలా మరొకరు ఉండరు. సూర్యకాంతం, గిరిజలతో జోడీ, రమణారెడ్డితో జంట హాస్యం ఆనాటి చిత్రాలకు పెద్ద ఆకర్షణ. భార్య ముందు నోరు పెగలని భర్తగా, సూర్యకాంతం పక్కన ఆయన్ను మించినవారు లేరు.

తాడేపల్లిగూడెంలో ఆయన కట్టించిన సినిమాహాలు రేలంగి చిత్రమందిర్. ఆ హాలు ఊళ్లో ఆయన పేరును సినిమాలకు బయట కూడా నిలబెట్టింది. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. చివరి రోజుల్లో అనారోగ్యంతో నటన తగ్గించారు. 1975 నవంబరులో తాడేపల్లిగూడెంలోనే మరణించారు.