మోటారు నియంత్రణ వలయ తీగలకు అధిక విద్యుత్ ప్రవాహ రక్షణ

మోటారు నియంత్రణ వలయం అనగా విద్యుత్ మోటారును నడపడానికి, ఆపడానికి కావలసిన సంకేతాలను మోసుకొనిపోయే విద్యుత్ వలయం. మోటారును తిప్పే ప్రధాన విద్యుత్తు దీనిలో ప్రవహించదు. స్టార్ట్, స్టాప్ బటన్లు, కాంటాక్టరు కాయిల్, రిలేలు, సూచిక దీపాలు దీనిలోని భాగాలు. ఈ వలయంలోని సన్నని తీగలు అధిక విద్యుత్ ప్రవాహం వలన కాలిపోకుండా ఫ్యూజును గాని, సర్క్యూట్ బ్రేకరును గాని అమర్చుతారు.

ఆవశ్యకత

కాంటాక్టరు కాయిల్ తీసుకొనే విద్యుత్తు స్వల్పం. అందువలన దానికి సన్నని తీగలు సరిపోతాయి. అయితే చాలా స్టార్టర్లలో ఈ వలయానికి సరఫరాను మోటారు ఫ్యూజుల తరువాతి భాగం నుండే తీసుకుంటారు. నేరుగా సరఫరాకు కలిపిన ఇండక్షన్ మోటారు ప్రారంభంలో పూర్తి భార విద్యుత్తుకు సుమారు 6 రెట్లు తీసుకుంటుంది కాబట్టి, ఆ ఫ్యూజులు పెద్దవిగా ఉంటాయి. నియంత్రణ తీగలో షార్ట్ సర్క్యూట్ జరిగితే ఫ్యూజు కంటె ముందు తీగే కాలిపోవచ్చు. ఓవర్‌లోడ్ రిలే మోటారుకు పోయే విద్యుత్తును మాత్రమే గమనిస్తుంది. ఈ తీగలను అది కాపాడలేదు.

అమెరికా నియమాలు

అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి మొదటిసారి 1897లో వెలువడింది. దాని 2020 సంచికలో 430.72 విభాగం ఈ విషయాన్ని వివరిస్తుంది. రాగి తీగలకు అనుమతించిన గరిష్ఠ ఫ్యూజు విలువలలో కొన్ని:

* 18 గేజి (సుమారు 0.82 చ.మి.మీ.): విడి ఫ్యూజు ఉంటే 7 ఆంపియర్లు. మోటారు ఫ్యూజుపైనే ఆధారపడితే, తీగ స్టార్టరు పెట్టె లోపలే ఉన్నప్పుడు 25, పెట్టె దాటి వెళ్ళినప్పుడు 7 ఆంపియర్లు.
* 16 గేజి (సుమారు 1.31 చ.మి.మీ.): ఇదే క్రమంలో 10, 40, 10 ఆంపియర్లు.
* 14 గేజి (సుమారు 2.08 చ.మి.మీ.): మోటారు ఫ్యూజుపైనే ఆధారపడితే పెట్టె లోపల 100, వెలుపల 45 ఆంపియర్లు.

మోటారు ఫ్యూజు ఈ విలువలను మించితే నియంత్రణ వలయానికి విడిగా ఫ్యూజు అమర్చాలి.

నియంత్రణ ట్రాన్స్‌ఫార్మరు

ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ విద్యుత్తు 2 ఆంపియర్ల కంటె తక్కువైతే, ఆ విలువకు 5 రెట్లు మించని ఫ్యూజును ప్రైమరీ వైపు వాడవచ్చు. ఉదాహరణకు 480 వోల్టులపై పనిచేసే 100 వోల్ట్-ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ విద్యుత్తు సుమారు 0.21 ఆంపియర్లు, కావున 1 ఆంపియరు ఫ్యూజు సరిపోతుంది.

మినహాయింపు

నియంత్రణ ఫ్యూజు కాలితే కాయిల్ విడిపోయి మోటారు ఆగిపోతుంది. సాధారణ యంత్రాలకు ఇది క్షేమకరమే. కాని అగ్నిమాపక పంపు మోటారు మంటల సమయంలో ఆగిపోవడం తీగ కాలిపోవడం కంటె ప్రమాదకరం. అందుచేత అటువంటి వలయాలకు షార్ట్ సర్క్యూట్, భూదోషాల నుండి రక్షణ ఉంటే చాలునని, దానిని మోటారు ఫ్యూజులే అందించవచ్చునని నియమావళి అనుమతించింది.